కల్లు మండువ పక్కన డేరా వేసుకోనివ్వండి

తెలంగాణ పర్యాటక, ఆబ్కారీ శాఖల మంత్రి గారికి,

మన రాష్ట్రంలో ఈ రెండు శాఖలూ ఒకే మంత్రి చేతిలో ఉన్నాయి. ఒకటి జనాన్ని రండి రండి అని పిలిచేది, ఇంకొకటి తాగినవాణ్ణీ తాగించినవాణ్ణీ లెక్క అడిగేది. ఇదేం పొత్తు అని నవ్వేవాళ్లు ఉంటారు. నాకు మాత్రం అదృష్టమనిపించింది. నేను అడగబోయే పని ఇంకో రాష్ట్రంలో అయితే రెండు పేషీల మధ్య తిరిగి తిరిగి నలిగిపోయేది. ఇక్కడ ఫైలు టేబుల్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు జరిగితే చాలు.

నేను భువనగిరి పక్క పల్లెలో పుట్టి, పద్నాలుగేళ్లుగా అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం హిల్స్‌బరోలో ఉంటున్నవాణ్ణి. ఊరికొచ్చినప్పుడల్లా "మా దగ్గర రోడ్లు ఎట్లుంటయో తెల్సా" అని మొదలుపెట్టే ఎన్నారైని చూస్తే నాకే ఒళ్లు మండుతుంది. ఈ ఉత్తరంలో అక్కడక్కడా ఆ వాసన రావచ్చు, ముందే క్షమించండి.

2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు నాయిన ఊరి నుంచి ఫోన్ చేశాడు. ఆయన రిటైరైన బడిపంతులు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం గొంతు లేచింది. "అది కల్లెట్లయితదిరా? చెట్టు మొఖం చూడనిది కల్లెట్లయితది?" అన్నాడు. కాసేపాగి, "ఆ సముద్రం పక్క ఊర్ల నువ్వు తాపినవు చూడు, అది నయం" అన్నాడు. ఆయన అన్నది అంతకు ఏడాది ముందటి సంగతి. ఆ ప్రయాణం సంగతి చెప్తేగానీ నా విన్నపం మీకు అర్థం కాదు.

2024 ఆగస్టు. అమ్మా నాయినా నా దగ్గరికి వచ్చి ఉన్నారు. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, సియాటిల్ నుంచి వచ్చిన మా బామ్మర్ది, అతని భార్య. మొత్తం ఎనిమిది మందిమి. ఒరెగాన్ ప్రభుత్వ పార్కుల్లో ఒక డేరా స్థలానికి ఎనిమిది మందే ఉండాలని నియమం. తెలుగువాళ్ల ఇంట్లో ఎనిమిది దగ్గర లెక్క ఆపడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు. ఇంకో రెండు కుటుంబాలు మేమూ వస్తామంటే తప్పించుకోవడానికి నా భార్యకు ఒక నెల పట్టింది.

ఆ స్థలాలను ఆరు నెలల ముందే బుక్ చేసుకోవాలి. ఫిబ్రవరిలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఆగస్టు రాత్రుల్ని కొన్నాం. అక్కడి పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే. ఆదివారం పొద్దున లేచి "పోదాం పదండి" అనుకునే మనిషికి ఆ పార్కుల్లో వేసవిలో చోటు దొరకదు. మీరు ఏదైనా చేస్తే సగం స్థలాలు అప్పటికప్పుడు వచ్చేవాళ్లకు ఉంచండి.

పులిహోర, సకినాలు, కారం పొడి, రెండు డేరాలు, గ్యాస్ పొయ్యి, అమ్మ కోసం మడత మంచం వ్యాన్‌లో కుక్కి బయల్దేరాం. దారిలో పెట్రోలు బంకులో మనిషి వచ్చి పెట్రోలు పోశాడు. ఒరెగాన్‌లో 2023 దాకా చాలా చోట్ల ఎవరి బండికి వాళ్లు పోసుకోవడం చట్టవిరుద్ధం, ఇప్పటికీ చాలా బంకుల్లో మనిషి ఉంటాడు. నాయినకు ఆ దేశం మీద మొదటిసారి గురి కుదిరింది అక్కడే.

హుడ్ పర్వతం దాటాక రోడ్డు వార్మ్ స్ప్రింగ్స్ మీదుగా పోతుంది. అది ఆదివాసుల రిజర్వేషన్. 1855లో ఒప్పందం పేరుతో కోటి ఎకరాల దాకా నేల ప్రభుత్వానికి వదిలేసి వాళ్లు ఈ ముక్కకు పరిమితమయ్యారు. నేను ఈ సంగతి చెప్తే నాయిన కిటికీలోంచి ఆ ఎండిన కొండల్ని చాలాసేపు చూశాడు. "మన చెంచులోళ్ల లెక్కనే" అన్నాడు. ఆ మాట పక్కన పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

తర్వాత వచ్చిన ఊరి పేరు మద్రాస్. నిజంగానే. దుకాణంలో ఉన్న మద్రాసు బట్ట తాను చూసి ఊరికి ఆ పేరు పెట్టారని చెబుతారు. ఎప్పుడో కుర్రతనంలో ఒకసారి మద్రాసు చూసిన నాయిన వ్యాన్ దిగి, దుమ్ము రోడ్డూ గోధుమ రంగు గడ్డీ చూసి, "సముద్రమేదిరా?" అన్నాడు. పిల్లలు ఆ రోజంతా అదే మాట అనుకుని నవ్వారు.

మొదటి మకాం బెండ్ ఊరి పక్కన టుమలో అనే ప్రభుత్వ పార్కు, డెషూట్స్ నది ఒడ్డున. మంత్రి గారూ, ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను. ఆ స్థలంలో ఏముందో నేను లెక్కపెట్టాను. చదును చేసిన నేల. ఒక చెక్క బల్ల, దానికే అతికించిన బెంచీలు. నిప్పు వేసుకోవడానికి ఇనప చట్రం. నాలుగడుగుల దూరంలో నీళ్ల కుళాయి. నడిచిపోయేంత దూరంలో శుభ్రమైన మరుగుదొడ్లు, వేడినీళ్ల స్నానపు గదులు. అంతే. రిసెప్షన్ లేదు, స్విమ్మింగ్ పూల్ లేదు, గేటు దగ్గర సెల్ఫీ బొమ్మ లేదు. ఊళ్లో ఒక మామూలు హోటల్ గదికి ఆ వారం అడుగుతున్న అద్దెలో చిన్న భాగం కడితే ఎనిమిది మంది పడుకున్నాం. రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదు. ఆ నియమాన్ని నిజంగానే పాటిస్తారు. పది గంటల ఒక నిమిషానికి మా బామ్మర్ది నవ్వు పక్క డేరావాళ్లకు వినబడిందేమోనని నా భార్య వాడి నోరు మూసింది. డీజే బాక్సుల్లేని రాత్రిని నాయిన చిన్నప్పటి తర్వాత అక్కడే చూశాడట.

నాయినకు నాలుగింటికే మెలకువ వస్తుంది. ఆ చీకట్లో తిరుగుతూ క్యాంప్ హోస్ట్‌లతో స్నేహం చేసుకొచ్చాడు. హోస్ట్ అంటే వేసవి అంతా తమ బండి ఇంట్లో అక్కడే ఉండి, వచ్చేవాళ్లకు కట్టెలమ్మి, దారి చూపి, మంచిచెడ్డలు కనిపెట్టుకునే వాలంటీర్లు. ఆ పార్కులో ఉన్నది రిటైరైన భార్యాభర్తలు. నాయినకు ఇంగ్లిష్ వస్తుంది, వాళ్ల యాస రాదు. అయినా అరగంట మాట్లాడుకున్నారు. తిరిగొచ్చి, "మన దగ్గర రిటైరైన పంతుళ్లు ఎంతమంది లేరు, ఈ పని చెయ్యలేరా?" అన్నాడు. తన పేరు తానే దరఖాస్తు పెట్టుకుంటున్నాడని నాకప్పుడు తెలియలేదు.

ఆ వేసవి ఒరెగాన్ కాలిపోయింది. ఆ ఏడాది మంటలకు ఆహుతైన నేల 19 లక్షల ఎకరాలు, రాష్ట్ర చరిత్రలో అంత ఎప్పుడూ లేదు. బెండ్ మీద ఆకాశం ఇటుక రంగులో ఉంది. కొండలకు తూర్పున బయట నిప్పు వేయడానికి వీల్లేదన్నారు. నాయిన ఆర్నెల్లుగా కలలు కన్న కట్టెల పొయ్యి మటన్ వాయిదా పడింది. గ్యాస్ పొయ్యి మీద అన్నం, ఉల్లిగడ్డ పచ్చిపులుసుతో సర్దుకుని, మర్నాడు మధ్యాహ్నం ఊళ్లోకి పోయాం.

బెండ్ ఒకప్పుడు కలప ఊరు. పెద్ద రంపపు మిల్లులుండేవి, చివరిది 1994లో మూతబడింది. మిల్లు పొగగొట్టాలు మూడు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, వాటి కింద దుకాణాలు. కలప పోతున్న ఆ కాలంలోనే, 1988లో, డెషూట్స్ అనే చిన్న బ్రూవరీ ఊరి నడిమధ్య తెరుచుకుంది. ముందు భోజన శాల, వెనక బీరు తయారీ. ఇప్పుడు ఆ ఊళ్లో అలాంటివి వీధికొకటి, వాటన్నిటినీ చుట్టి రావడానికి ఒక పటం అచ్చు వేసి ఇస్తారు.

మనవాళ్లకు బారు అంటే నల్లద్దాల తలుపు, లోపల చీకటి. అమ్మ లోపలికి రానంది. కిటికీలోంచి చూస్తే ఒక పాప రంగు పెన్సిళ్లతో బొమ్మలేస్తోంది, పక్కన ముసలమ్మ సూప్ తాగుతోంది. అప్పుడొచ్చింది. చిన్న చిన్న గ్లాసుల్లో ఆరు రకాలు ఒక చెక్క మీద పెట్టి తెచ్చారు. నాయిన మొదటిది చప్పరించి, "వేపపుల్ల నమిలినట్టున్నది" అన్నాడు. హాప్స్ పూల చేదు అది. ఆ పూలకు ఒరెగాన్ పాత నేల. క్యాస్కేడ్ అనే రకాన్ని 1972లో ఇక్కడి కొర్వాలిస్ పరిశోధకులే విడుదల చేశారు, అమెరికన్ క్రాఫ్ట్ బీరు వాసన అంటే చాలామందికి దాని వాసనే. నాయినకు ఈ చరిత్ర రుచించలేదు. నల్లటి పోర్టర్ తాగి, "ఇది మాడిన అంబలి, గని మంచిగుంది" అని దాన్ని ఖాళీ చేశాడు.

నాకు ఆసక్తి కలిగించింది రుచి కంటే ఒక చట్టం. అమెరికాలో మద్య నిషేధం 1933లో పోయాక, తయారుచేసేవాడు వేరు, పంచేవాడు వేరు, అమ్మేవాడు వేరుగా ఉండాలని రాష్ట్రాలు గోడలు కట్టాయి. ఒరెగాన్‌లో 1985 దాకా, బీరు కాచేవాడు తన గడపలో తాను కాచిన బీరును తాగేవాడికి పోయలేకపోయాడు. ఆ ఏడాది కొందరు చిన్న బ్రూవర్లు శాసనసభ చుట్టూ తిరిగి ఆ గోడలో చిన్న తలుపు పెట్టించారు. సబ్సిడీ లేదు, పథకం లేదు. నువ్వు కాచింది నీ గడపలోనే పోసుకో, పక్కన అన్నం కూడా పెట్టు అన్నారు. పోర్ట్‌లాండ్‌లో మొదటిది అదే ఏడాది తెరిచారు. ఇవాళ ఆ రాష్ట్రంలో బ్రూవరీ లేని పెద్ద ఊరు చూపించడం కష్టం.

తర్వాత చూసిన క్రేటర్ లేక్ గురించి రెండు ముక్కలే చెప్తాను, ఫొటోలు మీరూ చూసే ఉంటారు. సుమారు 7,700 ఏళ్ల కింద ఒక అగ్నిపర్వతం కూలి పడిన గుంట, మంచూ వానా తప్ప ఇంకో నీరు చేరని సరస్సు, 592 మీటర్ల లోతు. క్లామత్ ఆదివాసుల కథల్లో ఆ కొండ కూలిన రోజు ఇంకా బతికే ఉంది. అంత నీలం చూసి అమ్మ చేతులు జోడించింది. వెనక్కి తిరిగేసరికి ఒక ఉడుత సంచీలోంచి సకినం లాక్కుని రాయి మీద కూర్చుని, అచ్చం మా మేనత్తలాగ తిప్పి తిప్పి కొరుకుతోంది. ఆ జంతువులకు తిండి పెట్టడం తప్పు. మేం పెట్టలేదు, అది తీసుకుంది.

ఆఖరి రెండు రాత్రులు పసిఫిక్ ఒడ్డున, ఫ్లోరెన్స్ ఊరి దగ్గర హనీమన్ పార్కులో. ఒరెగాన్‌లో సముద్రం ఒడ్డున ఇసుక మీదికి ఎవరైనా పోవచ్చు. 1967లో చట్టం చేసి, ఇసుకంతా జనం వాడుకోవడానికే అని రాసేశారు. హోటల్ వాడు కంచె వేయడానికి లేదు. ఇక్కడ పొగా లేదు, నిప్పు మీద నిషేధమూ లేదు. కట్టెలు మాత్రం అక్కడే కొనమంటారు. బయటి కట్టెలతో చెట్ల పురుగులు వస్తాయని చెబుతారు.

నాయిన మటన్ ఆ రాత్రి అయింది. అమ్మ ఇనప పెనం మీద నిప్పుల సెగకు సర్వపిండి కాల్చింది. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు నిప్పుల్లో కాల్చి పచ్చిపులుసు మళ్లీ చేసింది, ఈసారి అసలు రుచి వచ్చింది. బామ్మర్ది దారిలో కొన్న బీరు డబ్బాలు తెరిచాడు. నాయిన గ్లాసు చేతికి తీసుకుని, తాగబోయే ముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలాడు. సాక. మైసమ్మకు, పోచమ్మకు కల్లు పోసినట్టు. మా అబ్బాయి అడిగాడు, "తాత ఒలకబోసిండెందుకు?" అమ్మ జవాబు చెప్పింది: "ఈ నేల మనది కాదు బిడ్డా, ఒక్కరాత్రికి అడుక్కున్నం గద."

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. అమ్మ అన్న, అంటే మా మేనమామ, సారా తాగి తాగి ముప్పై ఎనిమిదేళ్లకు పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన వార్త మా ఊరి దాకా వచ్చినప్పుడు, మా అమ్మ కూడా కొంగు బిగించి నలుగురితో పోయి సారా ప్యాకెట్లు చెరువులో పారేసింది. ఆ ఉద్యమం వల్ల 1993లో సారా, 1995లో మొత్తం మద్యం ఆగిపోయాయి, 1997లో మద్యం మళ్లీ వచ్చింది. ఆ అమ్మే నిప్పు పక్కన కూర్చుని మా అందరినీ చూస్తోంది. నాకు గిల్టీగా అనిపించి, "నీకు కోపమొస్తుందా?" అని అడిగాను. "ఎవడు ఎక్కడ పడుకుంటడో తెలిసిన తాగుడు నాకు భయం లేదు. మీ మామ ఎక్కడ పడ్డడో పొద్దుగాల ఎతికేటోళ్లం" అంది.

మంత్రి గారూ, నేను చదివిన ఆబ్కారీ విధానాలన్నిటి కంటే ఆ మాట నాకు ఎక్కువ అర్థమైంది. డేరా పక్కన తాగినవాడు బండెక్కడు. తాళం చెవులు నా భార్య దగ్గర, డేరా నాలుగడుగుల్లో. మన హైదరాబాద్ శివార్లలో శనివారం రాత్రి ఫామ్‌హౌస్ నుంచీ రోడ్డు పక్క కల్లు దుకాణం నుంచీ తిరిగొచ్చే బండ్లను తలుచుకోండి. బ్రెత్ ఎనలైజర్ పట్టుకుని పోలీసు నిలబడతాడు గానీ, ఈ రాత్రికి ఇక్కడే పడుకోండని చెప్పడానికి నేల చూపించే శాఖ లేదు.

మర్నాడు సముద్రం పక్క రోడ్డు పట్టి ఉత్తరంగా ఇంటి దారి. పిల్లలు మూడు రోజులుగా పక్క డేరాల్లో కూడా అడిగి ఖాళీ డబ్బాలు, సీసాలు పోగేశారు. ఒరెగాన్‌లో ఒక్కోదానికి పది సెంట్లు తిరిగిస్తారు. 1971లో అమెరికాలో మొదటిసారి ఈ చట్టం చేసింది ఆ రాష్ట్రమే. 34 తేలాయి. మూడు డాలర్ల నలభై సెంట్లు. ఆ డబ్బు పంచుకోవడంలో జరిగిన యుద్ధం ఇక్కడ రాయను. ఇది అమెరికా సంగతి అనుకోకండి. తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకు పది రూపాయలు తిరిగిచ్చే పద్ధతి 2022లో నీలగిరుల్లో మొదలైంది. అడవుల్లో ఏనుగుల కాళ్లకు గాజు గుచ్చుకుంటోందని కోర్టు గట్టిగా చెప్పాక. మన లక్నవరం, బొగత దారుల్లో పగిలిన సీసాలు ఏరడానికి కోర్టు చెప్పేదాకా ఆగనవసరం లేదు.

టిల్లమూక్ అనే ఊళ్లో పాల ఫ్యాక్టరీ ఉంది, ఐస్‌క్రీమ్‌కు ప్రసిద్ధి. అమ్మనూ పిల్లల్నీ అక్కడ వరసలో నిలబెట్టి, నాయినను నేను ఇంకోచోటికి తీసుకుపోయాను. డి గార్డ్ అని 2013లో మొదలైన బ్రూవరీ. వాళ్లు బీరులో ఈస్టు కలపరు. ఉడికించిన రసాన్ని బల్లపరుపుగా ఉన్న పెద్ద తొట్టిలో రాత్రంతా తెరిచి ఉంచుతారు. సముద్రపు గాలిలో ఏ ఈస్టు ఉంటే అది వచ్చి వాలుతుంది. తర్వాత చెక్క పీపాల్లో నెలలు, ఏళ్లు. ఇంకో ఊళ్లో ఆ రుచి రాదు, గాలి వేరు కాబట్టి.

నాయిన ఒక గుక్క తాగాడు. మాట్లాడలేదు. ఇంకో గుక్క. కళ్లు మూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఈతకల్లురా. పొద్దెక్కినంక దించిన ఈతకల్లు" అన్నాడు.

ఆ తర్వాత అరగంట ఆయన పాఠం చెప్పాడు, నేను పిల్లవాణ్ణయి విన్నాను. లొట్టిలో పడ్డప్పటి నుంచే కల్లు పులవడం మొదలవుతుంది, ఎవరూ ఈస్టు వేయనక్కర్లేదు, లొట్టికీ గాలికీ ఉన్నదే చాలు. తెల్లారుజామున దించింది తీపి, పదింటికి పులుపు, సాయంత్రానికి నిషా. మగచెట్టు పోతుతాడు కల్లు రుచి వేరు, ఆడచెట్టు పండుతాడుది వేరు. మా ఊరి గౌడ్ తాత మోకూ ముస్తాదూ కట్టుకుని రోజుకు ఎన్ని చెట్లు ఎక్కేవాడో, ఏ చెట్టు కల్లు ఎవరింటికి పోసేవాడో, బాలింతకు ఏది, ముసలివాళ్లకు ఏది. పల్చన చేస్తే ఊళ్లో మొహం చూపించలేడు, ఎందుకంటే తాగేవాడు మండువలోనే ఎదురుగా కూర్చుని ఉంటాడు. ఇదంతా విని నేను గ్లాసు పక్కనున్న బిల్లు చూశాను. ఆ ఒక్క సీసా ఖర్చుతో మా గౌడ్ తాత మనవడు వారం రోజులు కల్లు పోసేవాడు. మనం లెక్కలోకి తీసుకోని పనికి అక్కడ పీపా మీద తారీఖు రాసి, కథ చెప్పి అమ్ముతున్నారు.

ఇప్పుడు కూకట్‌పల్లి. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు 2004లో మూశారు, 2014లో తెరిచారు. తెరవడం తప్పని నేననను. గీతకార్మికుల కడుపు సంగతి అది. కానీ నగరంలో చెట్లేవి? కల్లు ప్రయాణం చేసే సరుకు కాదు, పూట దాటితే మారిపోతుంది. దాహం నగరంలో, చెట్టు ఎక్కడో దూరంలో, మధ్యలో డబ్బు. ఆ ఖాళీలోకే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం దూరాయి. దాడులు చేయండి, కేసులు పెట్టండి, తప్పదు. దాంతోపాటు ఇంకో పని కూడా ఉంది. కల్లును నగరానికి తేవడం బదులు నగరాన్ని చెట్టు దగ్గరికి పంపండి.

నగరంలో క్రాఫ్ట్ బీరుకు 2015లోనే మైక్రోబ్రూవరీ నిబంధనలు వచ్చాయి. వెనక రాగి ట్యాంకులు, ముందు బల్లలు, కాచినచోటే పోస్తారు. అంటే ఆ సూత్రం మీ శాఖకు కొత్త కాదు. కాకపోతే జూబ్లీహిల్స్‌లో పెట్టుబడి ఉన్నవాడికి దొరికిన మర్యాద చెట్టెక్కేవాడికి దొరకలేదు. నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ పెట్టారు, మంచిదే. కానీ అక్కడా మనిషి తాగేది చెట్టు కనపడని చోటనే.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. టీఎఫ్‌టీ (విడిగా చెట్లు గీసుకునే) లైసెన్సు ఉన్న గీతకార్మికుడికో, టీసీఎస్ అనే గీతకార్మికుల సహకార సొసైటీకో, వాళ్ల చెట్ల పక్కనే డేరాలు వేసుకునే నేల నడుపుకోవడానికి అనుమతి ఇవ్వండి. పది డేరాలకు చోటు చాలు. చదును నేల, కుళాయి, బల్లలు, నిప్పు చట్రాలు, మరుగుదొడ్లు. అక్కడ అమ్మేది ఆ చెట్ల కల్లే, ఆ పూటదే. తాగని వాళ్లకు పొద్దున నీరా. వంట ఊరి ఆడవాళ్ల సంఘానిది: జొన్నరొట్టె, నాటుకోడి, మక్కకంకులు. రాత్రి పదికి చప్పుడు బంద్, డీజే అసలే లేదు. తాగినవాడు తెల్లారేదాకా బండి తీయకూడదు. తాళం చెవులు గేటు దగ్గర పెట్టించండి, ఫర్వాలేదు. ఈతచెట్టు పారేది ముఖ్యంగా చలికాలం, మన దగ్గర డేరాలో పడుకోగలిగేదీ చలికాలమే. ఒరెగాన్ వాళ్లు వేసవిలో చేసే పని మనం కార్తీకం నుంచి చేయవచ్చు. వనభోజనాల జాతికి చెట్టు కింద వండుకు తినడం కొత్తగా నేర్పాల్సిన పని లేదు గదా. మనకు కొరవడింది ఆడపిల్లతో సహా ఆ రాత్రి అక్కడే ధైర్యంగా పడుకోగలిగే చోటు.

నల్లమలలో అయితే ఆ నేల చెంచులదే కావాలి. పక్కన పెట్టుకోమన్న మాట ఇదే. పులుల పేరు చెప్పి వాళ్లను బయటికి పంపి, అదే అడవిలో కాటేజీలు కట్టి మనం పోయి పడుకోవడం నాకు నచ్చదు. మన్ననూరు దగ్గర పది డేరాల చోటు వాళ్ల పేరు మీద రాయండి. అక్కడ కల్లు లేకపోయినా తేనె ఉంది.

2024లో గీతకార్మికులకు కాటమయ్య రక్ష పేరుతో కొత్త మోకులు, రక్షణ పరికరాలు ఇచ్చారు. చెట్టు మీద నుంచి పడకుండా అవి కాపాడతాయి. కింద కూడా బతుకు నిలబడాలంటే చెట్టు దగ్గరికే గిరాకీ నడిచి రావాలి.

కల్తీ ఇక్కడ కూడా రాదా అని మీ అధికారులు అడుగుతారు. రావచ్చు. ముందు రోజు సాయంత్రం కట్టిన లొట్టి పొద్దున కళ్లముందు దిగుతుంటే మందు కలపడం కొంచెం కష్టం, అంతే నేను చెప్పగలిగేది. చెట్లకు నంబర్లు మీ శాఖే వేస్తుంది. చెట్టుకు ఇంత పారుతుందన్న లెక్క గౌడన్నలకు తెలుసు. అమ్మింది అంతకంటే ఎక్కువైతే అది కల్లు కాదు. మా నాయిన అంకగణితం చెప్పిన పంతులు, ఈ లెక్క ఆయనకు వదిలేయండి.

ఎందుకంటే ఆయన సిద్ధంగా ఉన్నాడు. మా ఊరి బయట మాకు ఎకరంన్నర ఉంది. తాటిచెట్లు పదకొండు, గట్టు మీద ఈతచెట్లు ఇరవై దాకా, ఒక బావి. గౌడ్ తాత మనవడు ఇంకా చెట్లెక్కుతున్నాడు, లైసెన్సు ఉంది. భూదానానికి పేరుపడ్డ పోచంపల్లి అక్కడికి దూరం కాదు, చీరలు కొనడానికి వచ్చేవాళ్లు సాయంత్రానికి తిరిగి పోతున్నారు, ఆగడానికి చోటు లేదు. ఆ ఎకరంన్నర మీరు ప్రయోగానికి తీసుకోండి. ప్రభుత్వం డబ్బు పెట్టనక్కర్లేదు, నేనూ బామ్మర్దీ పెడతాం. హోస్ట్‌గా నాయిన ఉంటాడు, జీతం వద్దన్నాడు, ఒక టార్చిలైటు ఇస్తే చాలన్నాడు. మాకు కావాల్సింది కాగితం ఒక్కటి: ఈ నేల మీద డేరాలు వేయవచ్చు, ఈ చెట్ల కల్లు ఇక్కడే పోయవచ్చు అని, మీ రెండు శాఖల ముద్రలతో.

ఉత్తరం మొత్తం ఫోన్‌లో అమ్మకు చదివి వినిపించాను. సాక సంగతి రాసినందుకు సంతోషపడింది, మామ సంగతి రాసినందుకు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటి కలపమంది. టుమలోలో మరుగుదొడ్డి తలుపుకు లోపలి నుంచి గట్టి గొళ్లెం ఉందట, రాత్రంతా బయట దీపం వెలుగుతూనే ఉందట. మన దగ్గర కట్టేటప్పుడు ఆ రెండూ మరిచిపోతారు, కాబట్టి అన్నిటికంటే ముందు అవి రాయమంది. చివర రాసినందుకు తిడుతుంది.

ఇట్లు,
హిల్స్‌బరో నుంచి ఒక భువనగిరి మనిషి